ఇరవై రెండు శాతం

జనవరి 6

రివ్యూ కమిటీ వస్తోందట. ఫిబ్రవరి పన్నెండున. ముగ్గురు మనుషులు, ఒక్క పూట. మా పుప్పొడి కేంద్రానికి ప్రభుత్వం ఇంకా డబ్బివ్వాలా, తాళం వేయాలా అన్నది ఆ పూటలో తేల్చేస్తారు.

డైరెక్టర్ గారు పిలిచి కూర్చోబెట్టారు. మన పని వల్ల ప్రజలకు ఒరిగేదేమిటో ఒక్క పేజీలో రాసివ్వాలట, అదీ సైన్సు రానివాళ్ళకు అర్థమయ్యేలా. రాసిచ్చాను. రూఫ్ మీద గాలి పీల్చే యంత్రం ఉంది, అందులో జిగురు పూసిన గాజు స్లైడు ఉంటుంది, రోజూ ఉదయం ఎనిమిదింటికి దాన్ని మారుస్తాం, నిన్నటి స్లైడును మైక్రోస్కోప్ కింద పెట్టి ఊరి గాలిలో ఎంత పుప్పొడి ఉందో లెక్కపెడతాం, ఇరవై మూడేళ్ళుగా ఒక్క రోజు తప్పలేదు అని. ఆయన చదివి, ఇందులో పని ఉంది గానీ లాభం లేదన్నారు. లాభం కావాలంటే కిరాణా కొట్టు పెట్టుకునేదాన్ని కదండీ అన్నాను. ఆయన నవ్వలేదు. పెన్ను తీసుకుని పైన ఒక లైను తనే రాశారు. తొమ్మిదేళ్ళలో పుప్పొడి ఇరవై రెండు శాతం పెరిగిందని కనిపెట్టిన కేంద్రం ఇది, అని.

నిజమే. ఆ అంకె నాదే. రెండేళ్ళ క్రితం అది పేపర్లో పడినప్పుడు ముక్క కత్తిరించి బీరువా తలుపుకు లోపలివైపు అంటించుకున్నాను. ఒప్పుకోవడానికి సిగ్గెందుకు.

జనవరి 11, ఆదివారం

అన్నయ్య వాళ్ళింట్లో భోజనం.

అన్నయ్యకు హార్డ్‌వేర్ షాపు. ఇంటి కిందే. పెయింట్లు, పైపులు, మేకులు. పన్ను కట్టినప్పుడల్లా నన్నొకసారి తలుచుకుంటాడు, దేశంలో పన్ను కట్టేది తనొక్కడే, అదంతా నేను రూఫ్ ఎక్కడానికే పోతున్నట్టు. ఇవాళ కొత్త వాదన ఎత్తుకున్నాడు. ఆసుపత్రిలో మంచాలు చాలడం లేదు, బడి పైకప్పు కారుతోంది, మీకేమో దుమ్ము లెక్కపెట్టడానికి జీతాలా అన్నాడు. దుమ్ము కాదు, పుప్పొడి అన్నాను. ఏదైతేనేం, తుమ్ములే కదా వచ్చేది అన్నాడు. వదిన నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది.

నేనూ ఊరుకునే రకాన్ని కాదు. నువ్వు అమ్మే ప్రతి పెయింటు డబ్బా వెనకాల ఎవడో ఒకడు ఏళ్ళ తరబడి ఎందుకూ పనికిరాదనుకున్న రసాయనం ముందు కూర్చుని ఉంటాడు, వాడికి అన్నం పెట్టింది నీలాంటివాళ్ళ పన్నులే అన్నాను. అయితే వాడినొచ్చి షాపులో కూర్చుని బాకీలు వసూలు చేయమను అన్నాడు. అన్నయ్యతో వాదన గోడకు తలబాదుకోవడమే. గోడ కనీసం మళ్ళీ జవాబు చెప్పదు.

చివరికి తనే మెత్తబడి, నీ పనిలో ఒక్కటి మాత్రం పనికొచ్చిందిలే అన్నాడు. వాళ్ళ వీధి చెట్లు. మా మేనకోడలికి ఆయాసం. కిందటి వేసవిలో ఆ పేపరు ముక్క పట్టుకుని మునిసిపాలిటీ చుట్టూ తిరిగి నలభై ఒక్క చెట్లు కొట్టించింది అన్నయ్యే. పుప్పొడి పెరుగుతోందని స్వయంగా మా చెల్లెలే చెప్పింది, ఇంకెవరు చెప్పాలి అని కమిషనర్‌ను నిలదీశాడట.

అప్పుడు నాకు గర్వంగానే ఉండింది.

జనవరి 19

కమిటీ ఫైలు కోసం రోజువారీ అంకెలన్నీ ఒకే గ్రాఫ్ మీదకు ఎక్కించాను. ఇన్నాళ్ళూ ఐదేళ్ళ సగటులే గీస్తూ వచ్చాం. అందులో గీత కొండ ఎక్కుతున్నట్టు నున్నగా పైకి పోతుంది. ఇవాళ ఎనిమిది వేల పైచిలుకు చుక్కలు, ఒక్కో రోజుకు ఒకటి.

కొండ కాదు అది. మెట్టు.

పద్నాలుగేళ్ళు ఒకే ఎత్తు. తర్వాత ఒకే ఒక్క వారంలో ఎగిరింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళూ మళ్ళీ ఒకే ఎత్తు. ఋతువులు మారినప్పుడల్లా పడుతూ లేస్తూ ఉంటుంది, అది మామూలే. ఈ ఎగురుడు మామూలు కాదు. ఊళ్ళో చెట్లన్నీ కూడబలుక్కుని ఒక సోమవారం నుంచి పుప్పొడి పెంచవు.

జనవరి 20, ఉదయం 10.40

ఆ వారం లాగ్‌బుక్ తీశాను. నా చేతిరాతే. కొత్త మైక్రోస్కోప్ వచ్చింది, ఎంత విశాలంగా కనబడుతోందో అని రాసి, పక్కన నవ్వు బొమ్మ వేశాను.

నవ్వు బొమ్మ.

అదే రోజు, మధ్యాహ్నం 1.15

రాసుకుంటే గానీ తల పనిచేసేలా లేదు.

మేం స్లైడు మొత్తం లెక్కపెట్టం. ఆ చివర నుంచి ఈ చివరకు ఒక సన్నటి పట్టీ వెంట చూసుకుంటూ పోయి, అందులో ఉన్న పుప్పొడి గింజల లెక్కను ఒక అంకెతో స్లైడు మొత్తానికి హెచ్చిస్తాం. పట్టీ వెడల్పు అంటే మైక్రోస్కోప్‌లో కంటికి కనబడే వలయం వెడల్పే. పాతదానిలో అది 0.45 మిల్లీమీటర్లు. కొత్తదాన్ని ఇప్పుడే గాజు స్కేలు పెట్టి కొలిచాను. 0.55. వలయం పెద్దదైతే గింజలు ఎక్కువ కనబడతాయి, కాబట్టి హెచ్చించే అంకె తగ్గాలి. ఆ అంకె నా టేబుల్ ఎదురుగా గోడ మీద చీటీలో ఉంది. కొత్త మైక్రోస్కోప్ వచ్చినప్పుడు టేబుల్ మార్చాం, లైటు మార్చాం, చివరికి కుర్చీ కూడా మార్చాం. చీటీ మార్చలేదు. వచ్చిన రోజునే వలయాన్ని కొలవాలని ఈ పనిలో చేరిన మొదటివారంలో నేర్పుతారు. నేనే ఎంతమందికి నేర్పానో. నేను కొలవలేదు.

యాభై ఐదును నలభై ఐదుతో భాగించాను. ఒకటి పాయింట్ రెండు రెండు.

పుప్పొడి పెరగలేదు. నా కిటికీ పెరిగింది.

జనవరి 27

వారం రోజులు స్టోర్ రూములోనే. పాత మైక్రోస్కోప్‌ను బయటికి లాగి తుడిచి, పాత స్లైడ్లు ముప్పై తీసి, ఒక్కోదాన్ని రెండింటి కిందా లెక్కపెట్టాను. ఇరవై మూడేళ్ళ స్లైడ్లూ పెట్టెల్లో ఉన్నాయి, ఒక్కటీ పారేయనివ్వలేదు. గది అంతా ఆక్రమించావని అందరూ సాధించినవాళ్ళే. సాధించనీ.

ముప్పై స్లైడ్ల సగటు ఒకటి పాయింట్ రెండు ఒకటి. ఇంక సందేహానికి తావు లేదు. కళ్ళు మంటలు.

జనవరి 28

డైరెక్టర్ గారికి చెప్పాను. లేచి గది తలుపు వేసి వచ్చారు. తర్వాత నెమ్మదిగా, ఇంకెవరికైనా తెలుసా అని అడిగారు.

ఆయన చెడ్డవారు కాదు. కేంద్రంలో ఆరుగురు కాంట్రాక్టు మనుషులున్నారు, వాళ్ళ ఉద్యోగాలు ఆయన నెత్తిన ఉన్నాయి. కమిటీ వెళ్ళిపోనీ, రెన్యువల్ రానీ, ఆర్నెల్ల తర్వాత జర్నల్‌లో సవరణ వేద్దాం అన్నారు. అబద్ధం చెప్పమనడం లేదమ్మా, ఆ గ్రాఫ్ ఊసెత్తవద్దంటున్నాను, అంతే అన్నారు. ఆలోచిస్తానన్నాను. నిజంగానే ఆలోచిస్తున్నాను. నాకు యాభై ఒకటి. ఈ స్లైడ్లు తప్ప ఇంకో పని రాదు.

జనవరి 30

చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. నా భయం కూడా అదే.

ఫిబ్రవరి 1

ముందు అన్నయ్యకు చెప్పాలనిపించింది. షాపుకు వెళ్ళాను. వీధి బోడిగా ఉంది. మొదళ్ళ చుట్టూ సిమెంటు పోసేశారు. ఎండ నేరుగా కౌంటర్ మీదే పడుతోంది, అన్నయ్య అట్టముక్క అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

చెప్పేశాను. చీటీ, వలయం, అన్నీ. పెరగలేదు అన్నయ్యా, ఎప్పుడూ పెరగలేదు అన్నాను. వింటూ వింటూ కొలత టేపును బయటికి లాగుతాడు, వదిలేస్తాడు, మళ్ళీ లాగుతాడు. నలభై ఒకటి అన్నాడు. అవునన్నాను. పిల్ల ఆయాసం తగ్గలేదని నాకు అప్పుడే అనుమానం వచ్చింది, నిన్నడగడానికి మనసొప్పలేదు అన్నాడు. ఆ తర్వాత తిట్టాడు. ఇందుకా మేం పన్నులు కట్టేది, ఒక చీటీ మార్చడానికి తొమ్మిదేళ్ళా, రేపటి నుంచి ఈ వీధిలో నేనెలా తలెత్తుకోవాలి అన్నాడు. కస్టమర్ వచ్చినా ఆగలేదు.

బయటికొచ్చి ఆటోలో ఏడ్చాను. ఆటోవాడు అద్దంలో చూసి రేడియో సౌండు తగ్గించాడు.

ఫిబ్రవరి 11

బీరువా తలుపు మీది పేపరు ముక్క పీకేశాను. రేపు చెబుతున్నాను. ఎవరేమనుకున్నా సరే.

ఫిబ్రవరి 12

చెప్పాను.

నా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. డైరెక్టర్ గారు ఇచ్చిన స్లైడ్ షోలో ఆ గ్రాఫ్ లేదు. నేను పెన్ డ్రైవ్‌లో నాది తెచ్చుకున్నాను. మెట్టు చూపించాను. ఇది మా కేంద్రం అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చుకున్న ఫలితం, ఇది తప్పు, తప్పు చేసింది నేను అన్నాను.

అధ్యక్షుడు ఒకప్పుడు వంతెనలు కట్టిన ఇంజనీరు. కళ్ళజోడు తీసి, అంటే ఇరవై మూడేళ్ళు ప్రజల సొమ్ము పెట్టి మీరు తెలుసుకున్నది ఏమీ మారలేదనా అని అడిగారు. అవునండీ, మారలేదు అన్నది కూడా కొలిస్తేనే తెలుస్తుంది అన్నాను. కొలవకముందు ఊళ్ళో ప్రతివాడికీ ఒక అభిప్రాయం ఉండేది, నాకూ ఉండేది. పక్కనున్న ఆడిట్ ఆవిడ, మీరు చెప్పకపోతే మాకు తెలిసేదా అని అడిగింది. తెలిసేది కాదన్నాను. మరెందుకు చెప్పారంది. మూడో ఆయన అప్పుడే ఫోను లోంచి తల ఎత్తాడు.

నాకు ఎక్కడో కాలింది. అమ్మా, మేం ఏదైనా అమ్ముకునే కంపెనీ అయితే ఈ ఇరవై రెండు శాతాన్ని డబ్బా మీద అచ్చేసి అమ్ముకునేవాళ్ళం అన్నాను. మాకు అమ్ముకునేదేమీ లేదు. ప్రజలు మాకు జీతమిచ్చేది మంచి వార్త చెప్పమని కాదు, ఉన్న వార్త చెప్పమని. తొమ్మిదేళ్ళ నాటి తప్పును ఇవాళ పట్టుకోగలిగామంటే అప్పటి స్లైడ్లు, అప్పటి మైక్రోస్కోప్, అప్పటి లాగ్‌బుక్ ఇంకా ఉన్నాయి కాబట్టే, వాటికి గది ఇచ్చింది మీ డబ్బే. నా అంకె నమ్మి ఒక వీధిలో నలభై ఒక్క చెట్లు కొట్టేశారు. ఈ కేంద్రం మూసేస్తే వచ్చేసారి ఎవరి అంకె నమ్ముతారు, దాన్ని తప్పని ఎవరు చెబుతారు. నన్ను తీసేయండి, అందుకు నేను అర్హురాలినే. పని ఆపకండి అన్నాను.

అధ్యక్షుడు టైము చూసుకుని, లంచ్ తర్వాత కలుద్దామన్నారు. నన్ను మళ్ళీ పిలవలేదు.

ఫిబ్రవరి 26

ఆర్డరు వచ్చింది. జూన్ ముప్పైతో మూసివేత. కాంట్రాక్టు వాళ్ళను ఇంకో ల్యాబ్‌కు మారుస్తారట, ఒక భారం దిగింది. నన్ను రికార్డుల సెక్షన్‌కు. డైరెక్టర్ గారు కారిడార్లో ఎదురై, సంతృప్తిగా ఉందా అన్నారు. లేదండీ అన్నాను, కానీ మళ్ళీ అడిగినా అదే చెబుతాను.

మార్చి 3

అన్నయ్య మా ఆఫీసుకు వచ్చాడు. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి. రూఫ్ ఎక్కి యంత్రం చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇంతేనా అన్నాడు. ఇంతేనన్నాను. స్టోర్‌లో ఇలాంటిదే పాతది ఒకటి తుక్కు వేలానికి పోతోందని, పాత మైక్రోస్కోప్ కూడా పోతోందని నోరు జారాను. తుక్కు బేరంలో ఈ ఊళ్ళో నన్ను మించినవాడు లేడన్నాడు.

ఎందుకన్నయ్యా అని అడిగాను. మునిసిపాలిటీ వాళ్ళకు చెట్ల సంగతి నిన్న వెళ్ళి చెప్పొచ్చాను, ముప్పై ఏళ్ళుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను, మాది తప్పయిందని నాకు ఒక్కడూ చెప్పిన పాపాన పోలేదు, నువ్వు షాపు దాకా వచ్చి చెప్పావు అన్నాడు. ఆ తర్వాత, అయినా తొమ్మిదేళ్ళేమిటే అని మళ్ళీ మొదలుపెట్టాడు.

ఏప్రిల్ 1

ఇవాళ్టి నుంచి రెండు స్లైడ్లు. ఒకటి కేంద్రం రూఫ్ మీద, ఇంకోటి అన్నయ్య షాపు మీద, వేలంలో తను పాడుకున్న పాత యంత్రంలో. రెండూ మూడు నెలలు పక్కపక్కనే నడిస్తే తేడా ఎంతో తెలుస్తుంది, అప్పుడు ఇక్కడి లెక్క తెగినా దానికి అక్కడి లెక్క అతుకుతుంది. ఈసారి మొదటిరోజే వలయం కొలిచాను. రెండుసార్లు.

ఒక్క మాట మాత్రం ఇక్కడ రాసిపెట్టుకోవాలి. నేనేదో దానం చేస్తున్నానని, ఇక ప్రభుత్వానికి పని తప్పిందని ఎవరూ అనుకోవడానికి వీల్లేదు. ఒక అన్నయ్య డాబా మీద, ఒక చెల్లెలి సెలవు రోజుల మీద ఇది ముప్పై ఏళ్ళు నిలబడదు. ఇది ఊరి పని, ఊరి సొమ్ముతో జరగాల్సిన పని. నెలనెలా అంకెలు జతచేసి కమిటీకి ఉత్తరం రాస్తాను, మీ వస్తువు నా దగ్గరుంది, తీసుకెళ్ళండి అని. విసిగి చస్తారు. చావనీ.

జూన్ 30

మా రూఫ్ తలుపుకు తాళం వేశారు. ఎనిమిదిన్నరకు. ఎనిమిదింటి స్లైడు అప్పటికే తీసేసుకున్నాను.

జులై 9

చెల్లికి జ్వరం. మా ఇంట్లోనే పడుకోబెట్టాం, లేపలేదు. స్లైడు నేనే మార్చాను. టేబుల్ మీద పుస్తకం కనిపిస్తే ఇదే లాగ్‌బుక్ అనుకున్నాను. నాలుగు పేజీలు చదివాక గానీ ఇది తన డైరీ అని తెలియలేదు. నన్ను గోడతో పోల్చిన సంగతి తర్వాత మాట్లాడతాను.

టైము ఎనిమిది.

ఎనిమిది అని రాసింది కొట్టేశాను. నిచ్చెన ఇరుక్కుంది. ఎనిమిదీ ఏడు.