పొట్టు పంపు, చూత్తాను

బాగ్‌బేరా, జులై

ప్రియమైన తవిటయ్య మావయ్యకి,

ఫోన్‌లో నేను చెప్పేది నీకు వినపడదు, నువ్వు అరిచేది మా ఇళ్ల లైనంతా వింటుంది. అందుకే ఉత్తరం. సూటిగా అడుగుతున్నాను. చిత్రిక కొనాలి. కర్రది కొననా, ఇనపది కొననా?

ఫర్నిచర్ కార్ఖానాలో చేరి ఏడాది దాటినా ఓనరు సూరజ్ భయ్యా నా చేతికి ఇసుక కాగితమే ఇస్తున్నాడు. మా దగ్గర సొంత పనిబల్ల ఉన్నవాళ్లే విశ్వకర్మ పూజనాడు సొంత పనిముట్టు దేవుడి ముందు పెడతారు. పోయిన ఏడాది అందరూ ఉలులూ రంపాలూ పెట్టారు. నేను పంతానికి ఇసుక కాగితం పెట్టాను. పంతులు దానికీ బొట్టు పెట్టాడు. పళ్లు కొరుక్కుంటూ ప్రసాదం తిన్నాను.

మొన్న గట్టిగా అడిగాను. "పూజలోపు ఆ శీశం చెక్కకి మెషీన్ లేకుండా రందా పట్టి చూపించు. నున్నగా వస్తే బల్ల నీది, నహీ తో ఘిస్తీ రహో" అన్నాడు. రందా అంటే మన చిత్రికే; నున్నగా రాకపోతే బతుకంతా రుద్దుకుంటూ కూర్చోమని.

నాకు ఎవడూ ఏమీ నేర్పలేదు, వీడియోలు చూసి నేర్చుకున్నాను. వడ్రంగివై ఉండీ నువ్వు నేర్పకపోగా, ఆడపిల్లకి పదును పెట్టడం రాదన్నావట. అమ్మ చెప్పింది. ఆ లెక్క తర్వాత తేల్చుకుందాం. ముందు ఏది కొనాలో రాయి.

నీ కోడలు,
బిందుప్రియ

*

ఇచ్ఛాపురం

ప్రియమైన కోడలు గుంటకి,

అన్నాను. ఇప్పుడూ అంటాను.

కర్రది తేలిక, వానాకాలం ఉబ్బుతాది. ఇనపది బరువు, తుప్పు పడతాది. నీ కోపానికి ఇనపదే నయం, విసిరీసినా విరగదు.

కొట్లో మెరుపు చూడకు. చిత్రిక అడుగున మూలమట్టం అంచు ఆనించి ట్యూబులైటు కేసి పట్టు. సందులోంచి వెలుగు వత్తే కొట్టువాడికే ఇచ్చీ. కొత్త బ్లేడంటే పదునున్న బ్లేడు కాదు. ముందు వీపు చదును చెయ్యి, ఆ తర్వాతే ఏటవాలు. గరుకు రాయి మీద రుద్దుతుంటే వెనక వైపు వేలికి చిన్న గరుకు తగులుతాది. అది తగిలేదాకా నున్న రాయి ముట్టుకోకు.

నాకు మాటలొద్దు. పొట్టు ఉత్తరంలో పెట్టి పంపు, చూత్తాను. కాగితం మీద పెడితే పొట్టు కింద అక్షరం కనపడాలి, అంత పల్చగా.

మీ మావయ్య

*

బాగ్‌బేరా, ఆగస్టు

ప్రియమైన మావయ్యకి,

ఇనపదే కొన్నాను. బిష్టుపూర్ కొట్లో ట్యూబులైటు కేసి పట్టి ఒకదాని తర్వాత ఒకటి చూస్తుంటే, ఎక్స్‌రే తీస్తున్నావా అన్నాడు కొట్టువాడు. తియ్యనివ్వు అన్నాను.

రాళ్ల పని పడలేదు. ఇది ఉక్కు ఊరు కదా, బ్లేడు కనపడితే లైనులో ప్రతివాడూ ఇంజనీరే. రిటైరైన ఫిట్టరు సూర్యం గారు "రాళ్లేటమ్మా ఈ కాలంలో" అని వెల్డింగు షాపుకి తీసుకెళ్లి గ్రైండరు మీద పెట్టించారు. నిప్పురవ్వలు చూడాల్సింది. అంచంతా నెమలి మెడలా నీలంగా మెరిసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

కానీ ఒక్క పట్టు బాగా తెగి, ఆ తర్వాత తెగడం మానేసింది. పొట్టు ఇందులో ఉంది. తప్పు చెక్కది అనుకుంటున్నాను.

నీ పొట్టు కూడా ఒకటి పంపు, చూస్తాను. అన్నట్టు రాత మారింది. అత్త చేత రాయిస్తున్నావా? బద్ధకం.

బిందు

*

ఇచ్ఛాపురం

ప్రియమైన ఇంజనీరు గారికి,

నువ్వు పంపింది పొట్టు కాదు, పళ్లపొడి. తప్పు చెక్కది కాదు, చప్పట్లు కొట్టినోళ్లది. నీలం రంగు వచ్చిందంటే ఆ మేర ఉక్కు చచ్చినట్టే. ఇంక పదును నిలవదు. ఉక్కు ఊళ్లో పుట్టి ఉక్కుని కాల్చి చంపినారేటే మీరంతా.

నీలం పోయేదాకా చేత్తో, తడి రాయి మీద రుద్దు. శీశం మొండిది. చారలకి ఎదురెళ్తే పెళ్లలు లేత్తాయి. చెక్కని తిప్పు, నువ్వు కోప్పడకు.

నా పొట్టు సంగతి తర్వాత.

మావయ్య

*

బాగ్‌బేరా, సెప్టెంబరు

మావయ్యా,

ప్రియమైన అని రాయడం లేదు, చేతులు నొప్పి. నీలం పోయింది, దాంతోపాటు నా వేళ్ల చర్మమూ పోయింది. పూజ దగ్గరికొచ్చేసింది. ఈ పొట్టు చూడు. నీది పంపవేం? పంపకపోతే నీకే పదును పెట్టడం రాదని అమ్మకి చెప్తాను.

బిందు

*

ఇచ్ఛాపురం

ప్రియమైన కోడలికి,

అక్షరం కనపడింది. బాగుంది అని రాయను, నెత్తికెక్కుతాది.

పార్సిలులో నా బ్లేడూ, మా వీధి వడ్రంగుల బ్లేడ్లూ పంపుతన్నాను. నీకు సాధన అవుతాదని. నా పొట్టూ పెట్టాను. నవ్వకు.

మావయ్య

బిందూ, ఇది రాత్తన్నది మీ పైడితల్లి అత్తనే. ఆయన చెప్పొద్దన్నది కింద చేరుత్తన్నాను. కళ్లకి పొర కమ్మింది. ఆపరేషనంటే భయపడి డాక్టరుకి దొరక్కుండా తిరుగుతన్నాడు. నీ పొట్టు ఒక్కటీ కళ్లతో చూళ్లేదు, వేళ్ల మధ్య రాసి చెప్పాడు. అక్షరం కనపడిందా అని నన్నడిగేవాడు. బ్లేడు అంచు కంటికి ఆనక పని ఆపీసినాడు. సాధన కాదు, ఏటీ కాదు, వీధోళ్లందరికీ పదును పెట్టీది ఆయనే, ఇప్పుడు చేతకాక నీకు పంపినాడు.

*

బాగ్‌బేరా, విశ్వకర్మ పూజ మర్నాడు

ప్రియమైన తవిటయ్య మావయ్యకి,

నీ పొట్టు చూశాను. పళ్లపొడి. నవ్వలేదు.

పూజకి ముందురోజు శీశం చెక్క మీద సూరజ్ భయ్యా ఈ కొస నుంచి ఆ కొసకి అరచెయ్యి నడిపాడు. నా చేతిలో ఇసుక కాగితం లాక్కుని తన జేబులో పెట్టుకున్నాడు. కిటికీ పక్క బల్ల నాదైంది.

నీ పార్సిలు సరిగ్గా పూజ పొద్దున వచ్చింది. ఆరోజు పనిముట్టుతో పని చెయ్యకూడదు కదా, నా చిత్రిక పక్కనే మీ తుప్పు బ్లేడ్లన్నీ దేవుడి ముందు పేర్చాను. పంతులు బొట్లు పెట్టలేక నడుం పట్టుకున్నాడు. "పూరే మహల్లే కా హై క్యా?" అన్నాడు భయ్యా. అవును, మా మావయ్య వీధి మొత్తానిది అన్నాను.

మీ వీధివాళ్లవి పదును పెట్టి పంపుతాను. నీది పంపను. ఇవాళ పొద్దుగూకేలోపే దాన్ని తయారు చేసేశాను, నూనె రాసి నా సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆపరేషన్ చేయించుకుని, ఇక్కడికొచ్చి తీసుకో. అరిచినా లాభం లేదు, ఫోన్ ఎత్తను.

ఇందులో ఉన్న పొట్టు నీ బ్లేడుదే. దాన్ని ఈ కాగితం అడుగున అంటించాను. పొట్టు కింద ఒక మాట రాశాను. చదివి చెప్పొద్దని అత్తకి ఒట్టు వేయించాను. కంటి కట్టు విప్పాక నువ్వే చదువుకో.

పొగడ్త అనుకుంటున్నావేమో. తిట్టే.

నీ కోడలు,
బిందుప్రియ