పైపు మూసేదాకా పెట్టె ఆగకూడదు

ఒరే చంటీ,

నా తర్వాత నీకు రావలసినవి ఇప్పుడు వేరేవాళ్ళ పేర రాయాల్సొచ్చింది. ముందు నీ చెవిన వేసి మొదలుపెడుతున్నాను.

పశ్చిమ గోదావరి జిల్లా ఆకివీడులో చర్చి వెనక పేటలో ఉంటున్న బత్తుల దీనమ్మ అనే నేను, కీర్తిశేషులు ఏసుబాబుగారి భార్యను, వయసు యాభై రెండు, చదువు ఐదో తరగతి, నా చేత్తో రాస్తున్న వీలునామా. ఏలూరులో డాక్టరుగారు గుండె బలహీనంగా ఉందన్నారు. గుండె సంగతి ఆయనకి తెలుసు, బుర్ర సంగతి నాకు తెలుసు. బుర్ర బాగానే ఉంది. ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ ఆశ చూపలేదు. తప్పులుంటే అక్షరాల్లో ఉంటాయి గానీ మాటల్లో లేవు. ఇదివరకు ఏ వీలునామా రాయలేదు. మా బావగారు ఏదైనా కాగితం తెచ్చి చూపిస్తే అది నాది కాదు.

1. ముందు కంప్యూటరు. బియ్యం డ్రమ్ము మీదున్న తెల్ల పెట్టె, దాని తెర, కీబోర్డు, రూటరు, అన్నీ తాడేపల్లిగూడెంలో డీటీపీ షాపు నడిపే జెస్సీకి చెందాలి. ఈ వీలునామా అమలు జరిపించేది కూడా ఆ అమ్మాయే.

ఆ పెట్టె ఏమిటో చదివేవాళ్ళకి చెప్పాలి. మా బావగారికి, అంటే మా ఆయన అన్నగారు సత్యానందంగారికి, మా ఇంటి వెనకే రొయ్యలు కడిగే షెడ్డు ఉంది. ఆ కడుగునీళ్ళు ఒక పైపులోంచి మా పేట మంచినీళ్ళ కాలవలో పడతాయి. పిల్లలకి వాంతులు, విరేచనాలు. అర్జీలు పెట్టాం. ఎవరూ రాలేదు. అప్పుడు నా కొడుకు మధుబాబు, ఇంట్లో మా చంటి, రోజూ పొద్దున్నే ఆ పైపుకి ఫొటో తీసి, తేదీ వేసి, ఎక్కడివాళ్ళయినా చూసేలాగ ఈ పెట్టెలో పెట్టడం మొదలుపెట్టాడు. "బయటవాళ్ళ కంప్యూటర్లో పెడితే పెదనాన్న ఒక్క ఫోను కొట్టి తీయించేస్తాడమ్మా. మనింట్లో ఉంటే మన గడప ఎక్కి అడగాలి" అన్నాడు. కంప్యూటరు పుస్తకంతో వచ్చిన సీడీ పెట్టి, పెట్టెని నడిపే లినక్స్ అనేది ఎక్కించాడు. మూడుసార్లు చెడింది, నాలుగోసారి నిలిచింది.

2. నీలం అట్ట నోటుబుక్కు కూడా జెస్సీకే. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సర్వరుని, అంటే ఫొటోలు బయటికి చూపించేదాన్ని, లేపేది నేనే, అందుకని వాడు చెప్పిందంతా తెలుగులో రాసుకున్నాను. రూట్ అని కొట్టి ఎంటర్ నొక్కాలి. పాస్‌వర్డు కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనపడదు, కంగారుపడకూడదు. సర్వీస్ అని కొట్టి, ఖాళీ వదిలి, హెచ్ టీ టీ పీ డీ కొట్టి, ఖాళీ వదిలి, స్టార్ట్. పచ్చగా ఓకే రావాలి. ఒకసారి ఖాళీ వదలకుండా కొట్టి, మిషను పాడుచేసేశానని వాడు పనిచేసే షాపుకి ఫోను చేసి ఏడ్చాను. "నీ మాట అర్థంకాలేదంటోంది అంతేనమ్మా, నిన్ను తిట్టట్లేదు" అన్నాడు. ఫోనువాళ్ళు నెట్టులో మన లైనుకిచ్చే నంబరు మారుస్తూ ఉంటారు. మారినప్పుడల్లా ఆ కొత్త నంబరు బయటికి చెప్పే ప్రోగ్రాము ఒకటుంది, అది నడుస్తోందో లేదో చూసుకోవాలి. రూటర్లో ఎనభై నంబరు తలుపు, పోర్టు అంటారు, మన పెట్టె వైపు తెరిచి ఉండాలి. మిగతా తలుపులన్నీ మూసి ఉండాలి.

3. సత్యానందంగారికి. మా ఇంట్లో నెట్టు వచ్చే ఫోను ఆయన పేరున ఉండేది. మా ఆయన పోయాక మార్పించుకోలేదు, పెద్దవారి పేరున ఉంటే మర్యాదే కదా అనుకున్నాను. అది నా తప్పు. ఒకరోజు గుమ్మంలో నిలబడి, "ఏమ్మా దీనమ్మా, మీవాడు నా పైపుకి రోజూ ఫొటో తీస్తున్నాడంట, దానికేమన్నా పెళ్ళిసంబంధం చూస్తున్నాడా?" అని నవ్వి వెళ్ళారు. మర్నాడు లైను కట్. ఊళ్ళో నెట్ సెంటర్లవాళ్ళు "మీ పెదనాన్నగారికి కోపం వస్తుంది బాబూ" అని మధుని కూర్చోనివ్వలేదు. వాడు ఫొటోలు పెన్ డ్రైవులో వేసుకుని రోజూ సాయంత్రం మోపెడ్ మీద తాడేపల్లిగూడెం జెస్సీ షాపుకి వెళ్ళి, ఆ అమ్మాయి చేత నెట్టులో పెట్టించేవాడు. ఎనిమిది రోజులు వెళ్ళి వచ్చాడు. తొమ్మిదో రోజు, 2007 ఆగస్టులో, గణపవరం దాటాక వానలో లారీ కింద పడ్డాడు.

లైను కోయించినవాణ్ణి చట్టం ఏమీ అనదట. వకీలుగారిని అడిగాను. అందుకే ఈ కాగితం రాస్తున్నాను.

పెట్టెలో ప్రతి ఫైలుకీ చదివే హక్కు, రాసే హక్కు అని వేరువేరుగా ఉంటాయి. మధు తీసిన ఫొటోలు బావగారు చూడవచ్చు. తుడపడానికి, మార్చడానికి వీల్లేదు. నా ఆస్తిలో ఆయనకి దక్కేది ఆ చూసే హక్కొక్కటే. ఆయన నా శవపెట్టె మొయ్యకూడదు, నా గోతిలో మట్టి వెయ్యకూడదు, నా జ్ఞాపకార్థ కూడికలో లేచి ప్రార్థన చెయ్యకూడదు. పాస్టరుగారు క్షమించమన్నారు. ముందు పైపు మూయించండి, తర్వాత ఆలోచిస్తాను అన్నాను.

4. ఆయన భార్య, నా తోటికోడలు నిర్మలగారికి కంప్యూటరు పాత కరెంటు వైరు. బిడ్డ శవం ఇంటికొచ్చిన రోజు "చావింట్లో మిషన్లు ఆడకూడదు" అని ఫ్యాను, టీవీలతోపాటు ఆవిడే ఆ ప్లగ్గు పీకారు. నెల తర్వాత నా పేరున కొత్త లైను పెట్టించి మళ్ళీ వేస్తే పెట్టె లేవలేదు, పాస్‌వర్డు ఇచ్చి డిస్కు బాగుచేసుకోమంది. ఆ పాస్‌వర్డు వాడికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అది కొట్టాక, మిగతాది జెస్సీ ఫోనులో చెబుతుంటే ఒక్కొక్క అక్షరమే వేలితో వెతుక్కుని కొట్టాను. లేచింది. ఆ రోజు నుంచీ ఫొటో నేనే తీస్తున్నాను.

5. మా ఇంటి పక్క నాలుగు సెంట్లు, మా ఆయన నా పేరున రిజిస్టరు చేయించినవి, ఇంటితో సహా జెస్సీకి. బావగారి షెడ్డుకి లారీలు వచ్చేది ఆ నాలుగు సెంట్ల మీదుగానే. ఇటు కాలవ, అటు చర్చి గోడ, వేరే దారి లేదు. నోటిమాట మీద తిరగనిస్తున్నాను. ఇరవై ఏళ్ళు నిండితే దారి మాదే అని కోర్టుకెక్కుతారు, జాగ్రత్త అని వకీలుగారు చెప్పారు. ఇప్పుడు పదహారో ఏడు. దేవుడు నాలుగేళ్ళు మిగిల్చాడు. నేను పోయిన మర్నాడే జెస్సీ అక్కడ ఇనప గేటు పెట్టించి తాళం వేయాలి. పేటవాళ్ళ ఎదుట పైపు సిమెంటుతో మూసి, ఆ ఫొటో మా పెట్టెలో ఎక్కిన రోజున తాళం తియ్యాలి. అంతకుముందు ఎవరు చెప్పినా తియ్యకూడదు.

ఆ తాళం నేనే వెయ్యొచ్చు. కానీ నేను బతికుండగా వేస్తే ఆయన వచ్చి తమ్ముడి పేరెత్తి ఏడుస్తారు, నేను మెత్తబడతాను. నా సంగతి నాకు తెలుసు. చచ్చాక మెత్తబడను. ఇంత ఆలస్యం చేస్తున్నందుకు పేట తల్లులు నన్ను మన్నించాలి.

6. లారీ డ్రైవరు మీద నాకు ఏ కక్షా లేదు. రక్తపు మడుగులోంచి బిడ్డని ఎత్తి ఆసుపత్రికి తీసుకెళ్ళింది అతనే. మూడుసార్లు ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. మా ఆయన గడియారం అతనికి ఇవ్వండి.

7. కోళ్ళు, రుబ్బురోలు పక్కింటి వెంకటలక్ష్మికి. నల్లపెట్ట గుడ్లు పొదుగుతోంది, కదపొద్దని చెప్పండి.

8. నా చెవిదిద్దులు జెస్సీకి. మా మధు నాకు చెప్పలేదు, ఆ అమ్మాయీ చెప్పలేదు, నేనూ అడగలేదు. మంచి కుర్రాడు దొరికితే ఇవి పెట్టుకునే పెళ్ళి చేసుకోమని నా కోరిక. దానికి మాత్రం ఏ షరతూ లేదు.

ఇది నా ఇష్టపూర్వకంగా రాసి, చదివి వినిపించి, సాక్షుల ముందు సంతకం చేశాను.

ఆకివీడు, 14 నవంబరు 2008.

(సం.) బత్తుల దీనమ్మ

సాక్షులు:
1. సూర్యనారాయణ, పోస్ట్‌మాన్
2. పట్టాభిరామయ్య, రిటైర్డు టీచరు

కాగితం అడుగున చోటు మిగిలింది. జెస్సీ, వాడు పోయాక నువ్వు సగమైపోయావు. ఇది మడిచి పక్కన పెట్టి, లేచి వేడి అన్నం వడ్డించుకో. కడుపు నిండా తిను తల్లీ.