డబ్బా మీద సంగీత పేరు

చిరంజీవి తమ్ముడు కోటేష్‌కు అక్క చాంది దీవించి రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని అలవాటు కొద్దీ చెయ్యి రాసేసింది. కొట్టేస్తే నువ్వు హడలిపోతావని అట్లాగే ఉంచాను. అందులో సగమే నిజం.

నీ ఉత్తరం పదకొండు రోజులకు అందింది. ఆ మంచు కొండ మీద మీ మిలిటరీ పోస్టుకు సిగ్నల్ లేకపోవడం ఈసారి నాకు మేలే అయింది. ఫోన్లో అయితే నువ్వు అరుస్తావు, నేను అంతకంటే గట్టిగా అరుస్తాను, చెప్పాల్సింది ఎక్కడో పోతుంది. నా నోటి సంగతి నీకు తెలియనిదా!

అడిగినవాటికి ముందు జవాబులు. నీ బిడ్డ భార్గవికి టీబీ పరీక్షలు చేశారు, ఏమీ లేదు. అయినా తల్లి పక్కన పడుకునే పిల్ల కదా, ముందు జాగ్రత్తకు దానికీ గోలీలు ఇస్తున్నారు. బెల్లం ముక్క చూపిస్తే గానీ నోరు తెరవదు, అచ్చం నీ బుద్ధే. వానలు పడ్డాయి, పత్తి గింజలు పెట్టాం. నీ భార్య సంగీత టీబీ మందులు మొదలుపెట్టి ఇరవై రెండు రోజులు. జ్వరం తగ్గింది. మొదటి రోజు మూత్రం ఎర్రగా వచ్చిందని ఒకటే ఏడుపు. మందు రంగే తల్లీ అని నచ్చజెప్పాను. నలభై ఆరు కిలోల మనిషి ముప్పై ఏడుకు దిగింది, ఇప్పుడు ముప్పై ఎనిమిదిన్నర. రోగం నయమవుతుంది గానీ ఎడమ ఊపిరితిత్తి బాగా దెబ్బతిన్నదని, అది మునుపటిలా కాకపోవచ్చని భద్రాచలంలో డాక్టరమ్మ చెప్పింది. నీ దగ్గర దాచను.

ఇక నీ అసలు ప్రశ్న. "ఫిబ్రవరిల తెమడ పరీక్ష చేస్తే టీబీ లేదని ఎట్లొచ్చింది? ఆ ల్యాబోని పేరు రాయి, వాని మీద కంప్లయింట్ పెడ్త" అని రాశావు. అతని పేరు జగదీష్. మూడు దవాఖానలకు అతనొక్కడే. పోయిన వారం బాపు అక్కడికి పోయి అందరి ముందు అతని కాలర్ పట్టుకున్నాడు.

"నా కోడలు పానం మీదికి తెస్తివి గదరా!"

"నాకొచ్చిన డబ్బల టీబీ ఏం లేదు పెద్దయ్యా, నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు అతను. నేను పక్కనే ఉన్నాను. ఆశా వర్కర్ చీర కట్టుకుని, మెడలో కార్డు వేసుకుని, నేల చూస్తూ నిలబడ్డాను.

అతను చెప్పింది నిజం తమ్ముడూ.

మిర్చి ఏరే రోజుల్లో మన తండా ఎట్లా దగ్గుతుందో నీకు తెలుసు. సంగీత దగ్గు మూడు వారాలు దాటినా, "ఘాటు దగ్గేలే, కల్లం ఎత్తితే పోతది" అన్నది నేనే. రెండు వారాల దగ్గుంటే చెప్పమని ఇంటింటికీ తిరిగి గొంతు చించుకునేది కూడా నేనే. ఆ నెల మా పైవాళ్లు పది తెమడ డబ్బాలు పంపమన్నారు. పదోదిగా సంగీత పేరు రాశాను, లెక్క నిండుతుందని. అది పొద్దున్నే ఎంత దగ్గినా తెమడ పడలేదు. కూలీల ట్రాక్టరు హారన్ కొడుతుంటే, "పడ్తలేదు వదినా, రేపు చూద్దాం" అని ఖాళీ డబ్బా నా అరుగు మీద పెట్టి ఉరికింది.

డబ్బాలు తీసుకుపోయే బండి వారానికి ఒక్కసారే వస్తుంది. వచ్చి నిలబడింది. సూపర్‌వైజరమ్మ ఫోన్లో, "ఏంది చాందీ, పది రాసి తొమ్మిదే పంపుతవా?" అంటోంది. కల్లంలో కాయ ఎత్తి ఎత్తి నాకూ పొద్దుటి నుంచి దగ్గే. ఒకే ఘాటు, ఒకే దగ్గు, నాకు లేని రోగం దానికెందుకుంటుంది అనుకున్నాను. గోడ చాటుకు పోయి ఆ డబ్బాలో నేనే ఉమ్మాను. మూత బిగించి, పైన సంగీత అని నా చేత్తోనే రాశాను.

టీబీ లేదని కాగితం వచ్చింది. ఉగాదికి సంగీతకు జ్వరం పట్టుకుంటే మన దవాఖాన డాక్టరు ఆ కాగితం చూసే దగ్గు మందిచ్చి పంపాడు. ఎక్స్‌రే తీసే మనిషి బదిలీ అయి ఏడాది, కొత్తవాడు రానేలేదు. "ఇంకోసారి తెమడ చూడండి సారూ" అని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే, మొదటిది ఏమైందని అడుగుతారని భయం. ఆ భయంతోనే, మే నెలాఖరున దానికి నెత్తురు పడేదాకా నోరు మూసుకున్నాను. నా నోరు, కోటేష్! ఊరందరి మీదా లేచే నోరు. మంచి ఆశా అని ఆ నెలలోనే నాకు శాలువా కప్పారు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న పోయి జరిగిందంతా డాక్టరుకు రాసిచ్చి సంతకం పెట్టాను. జగదీష్ తప్పేమీ లేదని కూడా రాశాను. నా పని ఉంటుందో ఊడుతుందో తెలియదు. బాపు నాతో మాట్లాడటం లేదు. కంప్లయింట్ పెట్టాలనుకుంటే నా పేరు పెట్టు.

సంగీతకు మొన్ననే చెప్పాను. "నేను ఖాళీ డబ్బే పెట్టిన గద, కాయితమెట్లొచ్చిందా అని నాకూ అనిపించింది వదినా. నువ్వు తెచ్చినవు గదా అని ఊకున్న" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

తర్వాత గోలీలకని చెయ్యి చాచింది. మందుల పెట్టె ఇచ్చాను. వెంటనే తెరవలేదు. పెట్టెను వెలుతురుకు తిప్పి, పైన అంటించిన చీటీ మీద పేరు కూడబలుక్కుని చదువుకుంది. తన పేరే అని తేల్చుకున్నాకే మింగింది. అప్పటి నుంచి రోజూ అట్లాగే చదువుతోంది, నేను ఎదురుగా నిలబడి ఉంటాను.

ఇట్లు,
నువ్వు ఏమని తిట్టినా పలికే
నీ అక్క,
చాంది