పెట్టె మీద వంతు

అక్కా,

ఫోన్ చేస్తే పెట్టేస్తున్నావు, అందుకే రాస్తున్నాను. నీ కూతురు పార్కులో మన పరువు తీస్తోందన్నావు కదా, శనివారం వెళ్ళి నా కళ్ళతో చూశాను.

కోర్టు ముందు పార్కులో, గుర్రమెక్కిన జనరల్ విగ్రహం పక్కనే, నీ కెండ్రా ఒక చెక్కపెట్టె మీద తనూ విగ్రహంలా నిలబడింది. ఒంటిమీద మన అమ్మ తెల్ల ఏప్రన్, చేతిలో అమ్మ మంత్రసాని సంచి. మెడలో అట్టముక్క: "ఈ ఊళ్ళో పదకొండు విగ్రహాలు. ఒక్క నల్ల ఆడమనిషిదీ లేదు." పొద్దుగూకేదాకా కదలదట.

"చాల్లే వేషాలు, దిగు!" అని గ్యారేజీ డ్వైట్ అరిచాడు.

"ఒరే, నీ బొడ్డు కోసింది మా అమ్మేరా! వెళ్ళి మీ అమ్మనడుగు!" అన్నాను. జనం నవ్వారు, వాడు టోపీ తీసేశాడు.

కానీ పిల్ల మోకాళ్ళు వంచకుండా బిగించి నిలబడింది. నలభై ఏళ్ళు చర్చి గుమ్మం దగ్గర, వచ్చినవాళ్ళకి చోటు చూపించే సేవలో నిలబడ్డవాళ్ళం, అలా నిలబడితే కళ్ళు తిరుగుతాయని మనకు తెలియదా? ఆ సేవకి తొడుక్కునే తెల్ల గ్లవ్స్ తొడుక్కుని, అక్కడ వంతు మార్చుకునే మన పద్ధతిలోనే వెళ్ళి దాని మోచెయ్యి తాకాను. అది దిగింది, నేను ఎక్కాను. చర్చిలో లాగే ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుని గంటసేపు నిలబడ్డాను. మన ఊరిని అంత ఎత్తు నుంచి నేనెప్పుడూ చూడలేదక్కా.

వచ్చే శనివారం మూడింటికి మళ్ళీ నా వంతు. ఇంకొకరు వచ్చి మోచెయ్యి తాకందే చోటు వదలకూడదని నేర్పింది నువ్వే. నాలుగింటికి గ్లవ్స్ తొడుక్కుని రా. నువ్వు రాందే నేను దిగను. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు.

నీ చెల్లెలు