కొండెక్కిన మాట

నరసమ్మా,

ఎట్లున్నావు? నువ్వు వెళ్లిపోయి ఏడాది కావస్తోంది. నేను బాగానే ఉన్నాననుకో. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు...

"ఏం కండక్టరూ, దిగే స్టేజీ మర్చిపోయినావా?" అని నువ్వు ఎగతాళి చేసేదానివి కదా, నేను వాకిట్లో అటూ ఇటూ తిరుగుతుంటే. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య బస్సులో నిలబడి నిలబడి అరిగిన కాళ్లు, ఒకచోట ఎట్లా కుదురుకుంటాయి? ఇప్పుడు కాళ్లతో పాటు ముక్కు కూడా కుదురుగా లేదు. ఎక్కడ పొగ వాసన వచ్చినా బయటికి ఉరికి కొండవైపు చూస్తున్నాను. నిన్న పక్కింటి మద్దమ్మ పొయ్యి మీద పప్పు మాడితే, బిందెడు నీళ్లు పట్టుకుని వాళ్ల వంటింట్లోకే పోయాను. ఆమె తిట్టిన తిట్లు నీదాకా వినబడే ఉంటాయి.

మన ఇంటి వెనక్కి అగ్గి వచ్చింది నరసమ్మా. ఆ సంగతి చెప్పాలనే ఈ ఉత్తరం.

ఏటా శివరాత్రి దాటగానే నువ్వు పార భుజాన వేసుకుని మన ఇళ్ల వరసలో ప్రతి గడపా తొక్కేదానివి. ఇళ్లకూ అడవికీ మధ్య ఎండిన గడ్డీ కసువంతా చెక్కి, నేలను బోడిగా చేసేదాకా ఎవరినీ కూర్చోనిచ్చేదానివి కాదు. "అగ్గికి నీ ఇల్లు, నా ఇల్లు అని తెలుస్తాదా అప్పా? లేసి రాండి" అనేదానివి. ఈ ఏడు శివరాత్రి వచ్చింది, పోయింది. పార పట్టినవాడు లేడు. పిలిచే మనిషి లేదని వాళ్లు ఊరుకున్నారు. వాళ్లు పిలుస్తారేమోనని నేను చూస్తూ ఉన్నాను. అందరం మర్యాదస్తులమే!

చివరికి మద్దమ్మే వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏందన్నా, వదిన లేదని కసువు పెరగడం మానుకుంటాదా?" అంది. సిగ్గేసింది. పార తీసుకుని బయలుదేరాను.

పిలిస్తే అందరూ వచ్చారు. ఓబులేసు ట్రాక్టరు తెచ్చి, పోయినంత మేరా దున్నేశాడు. మిగతావాళ్లం చెక్కాం. ఆడవాళ్లు కసువు మోపులు కట్టి గొడ్లకు తీసుకుపోయారు. నువ్వు లేవు తప్ప అంతా ఎప్పటిలాగే ఉంది. కొండ మీద నుంచి దిగే వాగు, ఆ వంక దగ్గర మాత్రం రాళ్లు అడ్డమొచ్చి ట్రాక్టరు పోలేదు. చేత్తో చెక్కాలి. ఎండ మాడుతోంది... రేపు చేద్దాంలే అనుకున్నాం. నువ్వుంటే ఆ 'రేపు' అనే మాట ఎవరి నోటి నుంచైనా వచ్చేదా?

ఉగాది వెళ్లాక ఒక మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చున్నాను. ముందు వాసన వచ్చింది. తర్వాత చిటపటలు. బయటికి వచ్చి చూస్తే అడవి అంచంతా పొగ. వరసంతా లేచి వచ్చింది. వేపకొమ్మలు విరిచినవాళ్లు, గోనెసంచులు తడిపినవాళ్లు, శనగకు మందు కొట్టే పంపుల్లో నీళ్లు నింపి వీపున తగిలించుకున్నవాళ్లు. ఆళ్లగడ్డ ఫైరింజను వాళ్లకు ఫోన్ చేశాం. బయలుదేరామన్నారు. కానీ గాలి వాళ్లకన్నా ముందే బయలుదేరింది కదా.

మద్దమ్మ గొంతు సంగతి నీకు తెలుసు. మంట ఎటు పోతోందో చూసి చెప్పమని ఆమెను పెద్ద బండ మీద నిలబెట్టాం.

మేం చెక్కిన మేర దాకా వచ్చి అగ్గి ఆగింది. తినడానికి దానికి ఏమీ దొరకలేదు. అంచున మిగిలిన మంటను కొమ్మలతో బాదుతున్నాం. పొగలో పక్కనున్న మనిషి కనబడడం లేదు. అప్పుడు బండ మీద నుంచి వినబడింది.

"కొండెక్కిందప్పోయ్! కొండెక్కింది!"

మేం ఏం చేశామో చెప్పనా? కొమ్మలు పడేసి కూర్చున్నాం.

నవ్వకు. ఆ మాట మాకు నేర్పింది నువ్వే. పెళ్లయిన కొత్తలో గాలికి దీపం పోతే 'ఆరిపోయింది' అన్నానని నా మీద ఎంత లేచావు! "ఆరిపోయిందంటావేందీ? నీ నోట్లో మంచి మాటే లేదా? దీపం కొండెక్కిందను" అన్నావు. వరసలో అందరికీ అదే పాఠం చెప్పావు. దీపం సంగతి సరే, కరెంటు పోయినా మన దగ్గర 'కొండెక్కింది' అనే అంటారు. మరి అగ్గి కొండెక్కిందంటే మేం ఏమనుకోవాలి?

ఓబులేసు బిందె ఎత్తి గటగటా తాగి, "పీడ పోయిందప్పా" అని తువ్వాలు దులిపాడు. బండ మీద మద్దమ్మ రెండు చేతులూ ఊపుతుంటే, సంబరంతో ఊపుతోందనుకుని మేమూ ఊపాం.

పాపం, ఆమె ఉన్నదున్నట్టే చెప్పింది. అగ్గి నిజంగానే కొండ ఎక్కింది. ఎక్కి, పైన గాలికి మళ్లి, మేం రేపటికి వదిలేసిన వంకలోని కసువు వెంబడి మన ఇంటి వెనక్కి దిగుతోంది.

మద్దమ్మ బండ దిగి, చెప్పులు లేకుండా ఉరికి వచ్చింది. "మీ నోట్లో మన్ను పొయ్య, కొండెక్కిందంటే కూసుంటారేందిరా! వంకలో దిగతాండాది, బేగ రాండి!"

వంకకు అందరికన్నా దగ్గరగా ఉన్నది మన బోదగడ్డి కప్పిన కొట్టం. ఎండిన బోద... ఒక్క నిప్పురవ్వ చాలు. అది అంటుకుంటే పక్కనే మద్దమ్మ వాళ్ల చొప్పవామి, ఆ తర్వాత వరస మొత్తం. దాన్ని పీకేయాలని అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ నోరు తెరవలేదు. ఓబులేసు నా ముఖం చూసి తల దించుకున్నాడు.

ఎందుకు తెరుస్తారు? ఆ బోద కొండ మీద కోసి, మోసుకొచ్చి, కప్పింది నువ్వని వాళ్లకు తెలియదా? పోయిన ఎండాకాలం, చల్లగా ఉంటుందని నీ మంచం అక్కడే వేయించుకున్నావు. లేవలేకపోయినా పడుకునే తల దువ్వుకుని, దువ్వెనను చూరులో చెక్కేదానివి. నంద్యాల ఆస్పత్రికి తీసుకుపోయిన పొద్దున చెక్కిన దువ్వెన అట్లాగే ఉంది, నీ వెంట్రుకలతో సహా. ఇన్నాళ్లూ దాన్ని నేను తాకలేదు. రోజూ పోయి చూసి వచ్చేవాణ్ని, అంతే. నీ పటం కన్నా నాకు అదే ఎక్కువ. పటంలో నువ్వు ఎవరి పెళ్లికో పోతున్నట్టు ఉంటావు...

మొదటి పట్టు నేనే పట్టాను నరసమ్మా. "పీకండి" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. కొట్టంలో కట్టేసిన బర్రెను విప్పి తోలారు. పది చేతులు కలిసి లాగితే నీ కొట్టం ఎంతసేపు నిలుస్తుంది? బోదంతా వీధివైపు ఈడ్చి నీళ్లు కొట్టాం. అగ్గి వచ్చేసరికి ఉత్త రాటలు మిగిలాయి. రాటల చుట్టూ తిరిగి, ఇంటి వెనక గోడ నాకి, మసి పూసి, పట్టు దొరక్క తల్లడిల్లింది. అందరం మీదపడి బాదాం. పొగకు ఏడుస్తున్నామో, ఊరికే ఏడుస్తున్నామో తెలియలేదు. ఆళ్లగడ్డ నుంచి ఫైరింజను వచ్చి మిగతాది తడిపింది.

ఒక్క ఇల్లు పోలేదు. మన వరస నిలబడింది.

సాయంత్రం అందరూ మన అరుగు మీదే చేరారు. ఇక పంచాయితీ. మాట సరిగ్గా చెప్పలేదని ఓబులేసు అంటే, చెవులు సరిగ్గా లేవని మద్దమ్మ. పెద్ద గొడవయ్యేదే. నేను లోపలికి పోయి నీ పెట్టెలో దాచిన నా విజిల్ తీసుకొచ్చి గట్టిగా ఊదాను. అందరూ నోరు మూశారు. ఇక నుంచి అగ్గి దగ్గర మాటలు లేవన్నాను. ఒకసారి ఊదితే ఆగినట్టు, రెండుసార్లు ఊదితే కదిలినట్టు. బస్సుకు పనికొచ్చింది అగ్గికి పనికిరాదా? ఒప్పుకున్నారు. విజిల్ మద్దమ్మకే ఇచ్చాను.

ఆమె కొంగు ముడి విప్పి నాకు ఒకటి ఇచ్చింది. నీ దువ్వెన. మేం లాగడం మొదలుపెట్టకముందే చూరులో నుంచి తీసి దాచిందట. "వెంట్రుకలు అట్లే ఉండాయి సూడన్నా" అంది. దాన్ని ఎక్కడ చెక్కాలో తెలియక జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

పాప నంద్యాల నుంచి రోజూ ఫోన్ చేస్తోంది. "ఆడ ఒక్కడివే ఏం చేస్తాండావ్ నాయనా, ఈడికి రా" అంటుంది. పోయాను కూడా. మేడ ఎక్కి చూస్తే మన కొండ ఎటు ఉందో తెలియలేదు. మర్నాడే బస్సెక్కాను.

ఇంట్లో దీపానికి మాత్రం ఇప్పటికీ నీ మాటే. మొన్న నీ పటం ముందు పెట్టిన దీపం గాలికి పోయింది. "కొండెక్కింది" అన్నాను, పైకే. అని, అట్లాగే నిలబడిపోయాను.

ఆస్పత్రిలో నీ చెయ్యి చల్లబడినప్పుడు నేను ఆరిపోయిందనే అనుకున్నాను నరసమ్మా. ఏడాదిగా అదే అనుకుంటున్నాను. కానీ కొండ ఎక్కి, పైన గాలికి మళ్లి, ఎవరూ చూడని వైపు నుంచి ఇంటి వెనక్కి దిగి రావడం కూడా ఉంటుందని ఇప్పుడు చూశాను కదా... నీ సంగతి ఏ అర్థంలో తీసుకోను?

వచ్చే శివరాత్రికి ఎవరూ పిలిచేదాకా చూడను. పార పట్టుకుని ప్రతి గడపా నేనే తొక్కుతాను. వంక దగ్గర కసువు కూడా చెక్కిస్తాను, రేపటికి వదలను. అగ్గికి ఆ దారి ఇవ్వను.

నీకోసం మాత్రం వెనక వాకిలి గడియ వేయడం లేదు.

నీ
కండక్టరు