మేఘానికి కళ్ళెం, నాకు మౌనం

నవంబరు 3, సోమవారం. ఉదయం 6 గంటలు.

ఇరవై రెండేళ్ళుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. తెనాలి స్టేషను దగ్గర నా జట్కా ఆగిపోయిన రోజున టీ కొట్టు ముందు పదిమందిలో వీరాస్వామి అన్నాడు: "నీ బండి ఆటోల వల్ల పోలేదురా వెంకటప్పయ్యా. నీ నోటివల్ల పోయింది."

వాడూ జట్కా తోలినవాడే. వాడి గుర్రానికి కళ్ళెం కుట్టింది నేనే. నిన్న మళ్ళీ అన్నాడు.

సరే. చూపిస్తాను. ఈ రోజు నుంచి ఇరవై ఒక్క రోజులు, ఎవరైనా అడిగితే తప్ప నోరు విప్పను. సలహా లేదు. ప్రశ్న లేదు. నాలుగో తరగతి చదువే అయినా రోజూ రాస్తాను. ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన డైరీ ఎలాగూ ఖాళీగా ఉంది.

11 గంటలు. పరీక్ష వచ్చింది!

ఇప్పుడు నా కొట్లో బడిసంచులు, బెల్టులే కుడుతున్నాను. ఒకావిడ వచ్చింది. చంద్రకళట. నలభై దాటి ఉంటాయి, బాపట్లలో మొక్కల నర్సరీ.

"బాబాయ్ గారూ, కళ్ళెం కుడతారట కదండీ?"

"కుడతానమ్మా. గుర్రం ఎత్తెంత?"

"అయిదడుగుల తొమ్మిదంగుళాలండి. మనిషి."

చెంబెడు నీళ్ళు తాగాను.

ఆవిడే చెప్పింది. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో తొమ్మిదిమంది ఉన్నారట. అందరూ పెద్దవాళ్ళే. ఆదివారం పొద్దున బాపట్ల దగ్గర సరుగుడు తోటలో, షెడ్డులో కలుస్తారు. ఒకరు గుర్రమవుతారు, ఒకరు పగ్గాలు పడతారు. ఎవరి బలవంతమూ లేదు. ఏది ఇష్టమో, ఏది వద్దో ముందే మాట్లాడుకుంటారు. ఊళ్ళో మాత్రం తెలియకూడదు.

"నవ్వొస్తోందాండీ?"

"ఎందుకమ్మా నవ్వు? సైడు కాలవలో పడిపోతానేమోనని గుర్రం మెడ కౌగిలించుకున్న పెళ్ళికొడుకులను చూశాను. మీవాళ్ళే నయం."

అడిగింది కాబట్టి చెప్పాను. ఇది తప్పు కిందికి రాదు.

రేపల్లె నుంచి వచ్చే మనిషికట. కళ్ళెం, పగ్గాలు, రెండు చేతులకీ తోలు గిట్టలు. కుడి గిట్టలో చిన్న గంట పెట్టాలంది. గంట ఎందుకని అడగలేదు. చూశావా వీరాస్వామీ!

నవంబరు 6, గురువారం.

నాలుగో రోజు. బ్రహ్మాండం!

మా ఆవిడ హైమావతి కళ్ళెం ఎత్తి చూసింది. "ఏంటయ్యా, మూతి ఇంత చిన్నగా ఉంది? ఇదేం గుర్రం?"

"రేపల్లె గుర్రం."

"రేపల్లెలో గుర్రాలకి తిండి పెట్టరా?"

జవాబు చెప్పలేదు. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఇదే మొదటిసారి. జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

నవంబరు 9, ఆదివారం. బాపట్ల.

కొలత సరిచూడటానికి వెళ్ళాను. గుర్రం పేరు అనుదీప్. ముప్పై నాలుగేళ్ళు, రేపల్లెలో రొయ్యల మేత దుకాణం. నెమ్మదైన మనిషి. కళ్ళెం వేశాక అనుదీప్ కాదు, మేఘం. నోట్లో మెత్తటి రబ్బరు ముక్క, మాట ఉండదు. చంద్రకళ పగ్గాలు పట్టింది. షెడ్డు చుట్టూ చిన్న పరుగు.

ఆ ముఖంలో హాయి చూశాను. వారమంతా బస్తాలు మోసి అప్పులవాళ్ళతో అరిచే మనిషికి, ఒక గంట సేపు ఎటు తిరగాలో ఇంకొకరు చూసుకుంటే ఎంత సుఖం! నాకు అర్థమైంది.

కానీ ఆ నడక! వీపు వంగిపోయింది. మడమ ముందు ఆనుతోంది. నాలిక కరుచుకుని కూర్చున్నాను. నిజంగానే కరుచుకున్నాను, రాత్రి పచ్చడి మండింది.

నవంబరు 13, గురువారం.

నిజం రాయాలి. తప్పులు:

బస్సులో కండక్టరుకి సంచి పట్టీ ఎలా వేసుకోవాలో చెప్పాను. (ఉపకారం. లెక్కలోకి రాదు.)

హైమావతికి పప్పులో ఉప్పు గురించి. (సొంత ఇల్లు. లెక్కలోకి రాదు.)

చంద్రకళ ఫోను చేస్తే, మేఘం మోకాలు ఎత్తడం కాదు, వీపు నిలబెట్టాలని పావుగంట చెప్పాను. (ఆవిడ "ఇంకేంటండీ" అంది. అంటే అడిగినట్టే.)

గిట్టలు పూర్తయ్యాయి. గంట వదులుగా పెట్టమంది ఆవిడ. వదులు గంట పనివాడికి సిగ్గు. పరుగులో జారి పడిపోతుంది. లోపల మైనం దారంతో రెండు వరసలు కుట్టేశాను. ఏనుగు లాగినా రాదు. చెప్పకుండా ఇచ్చి ఆశ్చర్యపరుస్తాను.

నవంబరు 16, ఆదివారం. మధ్యాహ్నం 2.

అన్నం తినలేదు.

కొత్త సరంజామా చూసి తొమ్మిదిమందీ చప్పట్లు కొట్టారు. మేఘం పరుగు మొదలుపెట్టాడు. మూడో చుట్టులో కుడి చెయ్యి విదిలించాడు. గంట మోగింది. అందరూ ముచ్చటపడ్డారు. మళ్ళీ విదిలించాడు. ఇంకా గట్టిగా.

నేను చెయ్యి చూడలేదు, కాలు చూశాను. ఎడమ కాలు నేలమీద పూర్తిగా పెట్టడం లేదు. ముప్పై ఏళ్ళు గుర్రాల కాళ్ళు చూసినవాణ్ణి.

"ఆపండి! అమ్మాయ్, పగ్గం వదిలెయ్! ఎడమ పిక్క పట్టేసింది!"

అరుపుకి సరుగుడు తోటలో కాకులు లేచాయి. కళ్ళెం తీయగానే అనుదీప్ అన్న మొదటి మాట: "గంట పడట్లేదు బాబాయ్! ఎంత విదిలించినా పడట్లేదు!"

అప్పుడు చెప్పింది చంద్రకళ. నోట మాట ఉండదు కాబట్టి, ఆపాలంటే గుర్రం గంట జారవిడవాలి. గంట నేల మీద పడితే ఆట అక్కడికక్కడే ఆగాలి. ఆ గంటని నేను ఏనుగు లాగినా రాకుండా కుట్టాను.

పిక్కకి నూనె రాశాను. కాలు సర్దుకున్నాక అనుదీపే నవ్వేశాడు. "కుట్టు మాత్రం బలంగా ఉంది బాబాయ్."

చంద్రకళ నవ్వలేదు. "ఆడేముందు పరీక్షించకపోవడం మా తప్పండి. కానీ ఎందుకని ఒక్క మాట అడగచ్చు కదా, బాబాయ్ గారూ?"

అడగచ్చు. అడగకూడదని ఒట్టు పెట్టుకున్నానని ఎలా చెప్పను?

"అందరం మాట్లాడుకుని చెప్తాం, మీరు రావాలో లేదో," అంది.

నవంబరు 18, మంగళవారం.

ఫోను లేదు. ఫోను పాడైందేమోనని హైమావతి చేత చేయించి చూశాను. మోగింది.

వెంట తెచ్చుకున్న గిట్ట కుట్టు విప్పి, గంట వదులు చేశాను. నేనే తొడుక్కుని యాభైసార్లు జారవిడిచాను. యాభైసార్లూ పడింది. హైమావతి గుమ్మంలో నిలబడి చూసింది. "ఏం చేస్తున్నావయ్యా?"

"పని."

"ఆ రేపల్లె గుర్రం నిన్ను తన్నిందా ఏంటి, రెండ్రోజుల్నించీ అలా ఉన్నావు?"

నవంబరు 19, బుధవారం. ఉదయం 6 గంటలు.

పాత ఒట్టు రద్దు. కొత్త ఒట్టు, ఈ రోజు మొదటి రోజు: ఇరవై ఒక్క రోజులు, పనికి కావలసింది తప్పకుండా అడుగుతాను, మిగతాదానికి నోరు మూసుకుంటాను. నడక గురించి ఒక్క మాట అనను. వాళ్ళలో ఇంకో అమ్మాయి కూడా గుర్రమవుతుంది, మెడ మరీ ముందుకు పెడుతుంది, అది మాత్రం ఒక్కసారి చెప్పి మానేస్తాను.

ఈ కాగితం ఫోటో తీసి చంద్రకళకి పంపుతున్నాను. అమ్మాయ్, తప్పు నాది. ఒప్పుకుంటున్నాను. ఇంకొకరి ముందు ఇలా ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. కుట్టడం ఒక్కటే అయితే ఇంకెవరైనా కుడతారు. మీ తొమ్మిదిమందిలో కాలు చూసి నొప్పి చెప్పగలిగేవాళ్ళు లేరు. ఆదివారం షెడ్డులో మూల ఒక కుర్చీ వేయండి. నేను కాళ్ళు చూస్తాను, మీరు ఆడుకోండి. రమ్మంటారా, వద్దంటారా? శుక్రవారం సాయంత్రం ఆరింటిలోపు చెప్పాలి. వద్దంటే వద్దనండి, పడతాను. "చూద్దామండి" అంటే మాత్రం ఒప్పుకోను.