నెరిస్సా పేరు మీద పుస్తకం

చిరంజీవి మారివిక్‌కి అమ్మ దీవించి రాసే ఉత్తరం. ఇక్కడ నేను, నీ కూతురు జెసెల్, పెరట్లో పందితో సహా అందరం బాగానే ఉన్నాం. హాంగ్‌కాంగ్‌లో నువ్వూ, నువ్వు సాకుతున్న ఆ ఇంటి పిల్లలూ కులాసా అని తలుస్తాను. ఫోనులో చెబుదామంటే జెసెల్ పక్కనే చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. ఎదురింటి ఫ్లోరా ఆదివారం అక్కడికే వస్తోంది కదా, దాని చేతికిచ్చి పంపుతున్నాను.

ముందు నువ్వడిగినవి. జెసెల్‌కి ఏడో నెల నడుస్తోంది. మునగాకు వేసి కోడిపులుసు కాస్తే తింటుంది, ఎండుచేప వాసన మాత్రం పడటం లేదు. ఆ కుర్రాడి ఊసెత్తితే గోడకేసి తిరిగి పడుకుంటుంది. ఇక మీ అన్న కూతురు నెరిస్సా సంగతి. మొగుడు పది నెలలుగా ఓడ మీద ఉంటే అది మళ్ళీ కడుపుతో ఉందట, నిజమేనా అని రాశావు. ఆ మాట అంతదూరం ఎవరు మోశారో గాని, వట్టి అబద్ధం. ఎలా పుట్టిందో కింద రాస్తాను.

డాక్టరు ఏమన్నాడని అడిగావు. ఏమన్నాడో నాకే తెలిసి చావలేదు. పట్నం ఆస్పత్రికి మూడుసార్లు తీసుకెళ్లాను. మూడుసార్లూ ముగ్గురు వేరే వేరే డాక్టర్లు. పొద్దున ఆరింటికి వెళ్లి బెంచీ మీద కూర్చుంటే, కిటికీలోని ఆవిడ పేరు, వయసు, ఎన్నో కాన్పో వరండా అంతా మోగేలా అరుస్తుంది. లోపల రెండు నిమిషాలు, చీటీ, బయటికి పొమ్మనడం. నాలుగోసారి బయల్దేరమంటే నీ కూతురు మొండికేసింది. "నేను రాను అమ్మమ్మా. అంత ముచ్చటగా ఉంటే నువ్వెళ్లి చూపించుకో," అంది.

చివరికి మన పేట ఆరోగ్య కేంద్రానికి వెళ్తానంది. అక్కడున్నది కాన్పుల నర్సు ఎడ్నా. మంత్రసానులు ఇక కాన్పులు చెయ్యకూడదు, బాలింతలకి ఒళ్లు మర్దనా చేసుకుంటే చాలు అని మూడేళ్ల కిందట నా మొహాన చెప్పింది ఆ మనిషే. దాని గడప తొక్కకూడదనుకున్నాను, తొక్కాను. శనివారం మధ్యాహ్నం కడుపుతో ఉన్న చిన్నవయసు పిల్లలకి మాత్రమేనట. పెళ్లైన ఆడవాళ్లుండరు, తలుపు వేసే ఉంటుంది. నలుగురైదుగురు పిల్లలు లోపల కూర్చుని నవ్వుకుంటుంటారు. ఆ నవ్వులేమిటో నాకు అంతుబట్టలేదు, ఇంట్లో నోరు విప్పని పిల్ల అక్కడ వసపిట్ట.

ఉండబట్టలేక ఎడ్నాని అడిగాను. "డాక్టర్లు చూడనిది నువ్వేం చూస్తున్నావే?"

"ముందు కూర్చోనిస్తానమ్మా. తిన్నావా అని అడుగుతా. తర్వాతే చూస్తా," అంది.

ఇంతమాత్రానికేనా అనుకున్నాను. మూడొందల కాన్పులు చేసినదాన్ని, ఎవరినైనా తిన్నావా అని అడిగానో లేదో గుర్తు రావటం లేదు.

పోయిన శనివారం నన్ను లోపలికి పిలిచింది. చేతిలో ఆస్పత్రివాళ్లిచ్చిన గర్భిణుల పుస్తకం. "అమ్మా, ఈ పుస్తకం ఎవరిది?" అంది.

మారివిక్, ఇక్కడ కోప్పడకుండా చదువు. అది నెరిస్సా పుస్తకం. పద్దెనిమిది నిండని పిల్లనైతే ఆస్పత్రిలో వేరే గదికి పంపి, తండ్రెవరు, వాడి వయసెంత, తల్లి ఎక్కడ అని ఒకావిడ అన్నీ రాసుకుంటుందని విన్నాను. పిల్లని తీసుకుపోతారేమోనని భయపడ్డాను. చర్చిలో జపమాల చదివించేదాన్ని, నా తల ఎక్కడ పెట్టుకోను అని కూడా అనుకున్నాను. దాచను. నెరిస్సా తొలికాన్పు నాటి పుస్తకం అడిగి తెచ్చి, జెసెల్‌ని నెరిస్సాని చేసి కూర్చోబెట్టాను. కిటికీ ఆవిడ అరిచిన పేరు విని ఊరు ఆ పాపిష్టి మాట పుట్టించింది. నెరిస్సా నన్ను పన్నెత్తి మాట అనలేదు, అదింకా కష్టంగా ఉంది.

ఆ పుస్తకం లెక్కన ఇప్పుడు ఇరవై నాలుగేళ్లు, ఇది రెండో కాన్పు, బి గ్రూపు రక్తం. మన పిల్లకి పదహారు, తొలికాన్పు, ఎడ్నా వేలు గుచ్చి చూస్తే రక్తం ఓ గ్రూపు. "రెండోది కదా, నీకు తెలియనిదేముంది," అని డాక్టర్లు దానికి ఏమీ చెప్పకుండానే పంపేశారట.

"కాళ్లు వాచాయి, రక్తపోటు ఎక్కువుంది. ఈ కాన్పు మీ చేతుల్లోనూ కాదు, నా చేతుల్లోనూ కాదు, ఆస్పత్రిలోనే జరగాలి. ఈ పుస్తకంతో వెళ్తే ప్రాణం మీదికొస్తుందమ్మా," అంది ఎడ్నా.

అసలు వయసు జెసెల్ మొదటి శనివారమే ఎడ్నాకి చెప్పేసిందట. మరి ఆ సంగతి నాతో ఎందుకనలేదే అని జెసెల్‌ని అడిగితే, "నీ పరువు పోతుందని ఏడుస్తావుగా," అంది. ఎవరు ఎవరిని కాపాడుతున్నారో నాకు బోధపడలేదు.

సోమవారం ఎడ్నాతో కలిసి ముగ్గురం ఆస్పత్రికి వెళ్లాం. కిటికీ దగ్గర నిజం నేనే చెప్పాను. "ఈ వయసులో అబద్ధాలేంటి ముసలమ్మా?" అని ఆవిడ నలుగురిలో కడిగేసింది. మాట పడ్డాను. వేరే గదిలో ఆవిడ అన్నీ రాసుకుంది, పిల్లని ఎక్కడికీ తీసుకుపోలేదు. లోపల డాక్టరమ్మ, ముందొకసారి రెండు నిమిషాల్లో పంపించినావిడే, పదహారు, తొలికాన్పు అని చదివి కలం కింద పెట్టి అరగంట మాట్లాడిందట. మాత్రలిచ్చింది, వారం వారం రమ్మంది. తప్పు ఆవిడదా, ఆ బెంచీదా, నాదా? ఎంత ఆలోచించినా తేలటం లేదు.

ఆ డాక్టరమ్మ గదిలోకి నేనూ వెళ్లబోతే జెసెల్ ఆపింది. "నువ్వు బయటే ఉండు అమ్మమ్మా, ఎడ్నాక్క చాలు," అంది. తలుపు పక్కనే నిలబడ్డాను. "భయమేస్తోందా?" అని ఎడ్నా అడగడం వినిపించింది. అంతే, పిల్ల బావురుమంది. చాలాసేపు ఏడ్చింది. ఊరుకోమని ఎవరూ అనలేదు.

అప్పటినుంచి నాకు అన్నం సయించటం లేదు మారివిక్. జెసెల్ పుట్టిన రోజు నీకు పదిహేడు. నీ కాన్పు ఈ చేతులతోనే చేశాను, బాగానే చేశాను. నువ్వు అరుస్తుంటే పక్కింటివాళ్లు వింటారని నోట్లో తువ్వాలు కుక్కాను. ఆ ముందు తొమ్మిది నెలల్లోనూ, ఆ తర్వాత పదహారేళ్లలోనూ ఒక్క మాట నిన్ను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను తల్లీ. నీకు భయమేసిందా?

ఇట్లు,
జవాబు ఏదైనా చదవడానికి కాచుకున్న
మీ అమ్మ